పూటకాపు

వాక్యభాగము: ఆదికాండము 43:1–14, 44:14–34

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కాపురమున్న ఒక తెలుగు క్రైస్తవ కుటుంబమును తలంచుకొనుడి. ఇంటి యజమానుడు లోకో షెడ్డులో ఫిట్టరు. రాజమండ్రి ప్రాంతపు లూథరన్ కుటుంబమువాడు. ఇల్లాలు బొబ్బిలి ప్రాంతపు బాప్తిస్టు సంఘములో పెరిగినది. వారికి మగబిడ్డ కలిగెను. బాప్తిస్మమునకు ఆదివారము నిర్ణయమైనది. పాస్టరుగారు ఇంటికి వచ్చి, జ్ఞాన తలిదండ్రులుగా ఎవరిని నిలువబెట్టుచున్నారని అడిగిరి.

“మా అన్నయ్యను అనుకొంటినండీ, గాని ఆయనకు సెలవు దొరకదట” అని ఇల్లాలు చెప్పెను.

“మా షాపు సూపర్‌వైజరుగారిని అడుగవలెనని ఉన్నదండీ. పెద్దమనిషి. రేపు ఏదైన అక్కర పడినను ఆయన మాట చెల్లును” అని భర్త చెప్పెను.

పాస్టరుగారు కొంతసేపు ఏమియు పలుకలేదు. పిమ్మట, “ఆయన ఈ బిడ్డను ఎప్పుడైన ఎత్తుకొనెనా?” అని మాత్రము అడిగి, ప్రార్థన చేసి వెళ్లిపోయిరి.

ఆ భర్తను తప్పు పట్టుట సులభము. అయితే పరవూరిలో బ్రదుకువాని భయము ఎరిగినవారు అతనిని త్వరపడి నిందింపరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడెను. 1891 నాటికి నాగపూరునుండి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోలు వరకు దాని ప్రధాన మార్గము పడెను. 1902లో వాల్తేరు వరకు గల తూర్పు తీరపు మార్గమును అదే కంపెనీ చేతికి వచ్చుటచేత, ఉత్తరాంధ్రపు కూలివానికి ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్, నాగపూరు అన్నియు ఒకే కొలువులోని ఊళ్లాయెను. 1931లో విజయనగరమునుండి రాయపూరుకు కొండల గుండా మార్గము పూర్తియైన తరువాత రాకపోకలు ఇంకను సులువాయెను. అర్పా నది ఒడ్డున ఉన్న ఆ పట్టణము 2003నుండి దక్షిణ తూర్పు మధ్య రైల్వేకు ముఖ్య కేంద్రముగా ఉన్నది. గ్యాంగుమన్‌లు, ఫైర్‌మన్‌లు, ఖలాసీలు, గుమాస్తాలుగా వచ్చిన తెలుగువారి మనుమలు, మునిమనుమలు నేడు అక్కడ ఉన్నారు. ఇంట తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. మేనమామ రాత్రి ప్రయాణమంత దూరములో ఉండును. అవ్వ చేతి ముద్ద సెలవులకు మాత్రమే. ఇట్టిచోట బిడ్డకు ఒక అండ కావలెనని తండ్రి వెదకుట పాపము కాదు. అతడు ఎట్టి అండను వెదకుచున్నాడన్నదే ప్రశ్న.

ఉద్యోగుల సహకార పరపతి సంఘములో అప్పు తీసికొనువానికి జామీనుదారులు కావలెను. ఆ కాగితము చేతికి వచ్చినప్పుడు మనుష్యుడు ఎన్ని విధముల ఆలోచించును! ఇతడు అప్పు తీర్చునా? త్రాగుడు గలవాడా? వీడు ఎగవేసినయెడల నా జీతములో కోత పడునా? ఇంటికి పోయి భార్యతో చెప్పును. రెండు దినములు తప్పించుకొని తిరుగును. అదే మనుష్యుడు ఆదివారమున బలిపీఠము ఎదుట నిలిచి, ఒక ఆత్మ నిమిత్తము సంఘమంతయు వినుచుండగా, “దేవుని సహాయమువలన చేయుదును” అని పలికి, బిర్యానీ తిని ఇంటికి పోవును. చిన్న అప్పునకు వణకిన చేయి ఇక్కడ వణకదు. ఎందుకనగా ఈ జామీనులో తన జీతమునుండి ఏమియు కోత పడదని అతడు అనుకొనుచున్నాడు.

తెలుగు బైబిలులో ఈ జామీనునకు ఒక పాత మాట గలదు: పూటపడుట. సామెతల గ్రంథము పరుని అప్పునకు పూటపడువానిని హెచ్చరించుచున్నది. ఆదికాండములోనైతే యూదా తన తమ్ముడైన బెన్యామీను నిమిత్తము పూటపడెను. జ్ఞాన తలిదండ్రులను గూర్చి లేఖనములో విధి ఏదియు లేదు. శిశువు ప్రక్కన నిలిచి వాగ్దానము చేయు ఆచారము తరువాతి సంఘమునందు పెరిగినది. ఐనను దాని స్వభావమును ఎరుగగోరువారికి యూదా కథను మించిన పాఠము దొరకదు.

కరవు దేశమందు భారముగా ఉండెను. బెన్యామీను లేనిదే ఐగుప్తులో ధాన్యము దొరకదు. యాకోబు అతనిని పంపనొల్లడు. మొదట రూబేను ముందుకు వచ్చెను. తాను బెన్యామీనును తిరిగి తీసికొని రానియెడల తన యిద్దరు కుమారులను చంపవచ్చునని తండ్రితో అనెను (42:37). ఎంత గొప్ప మాటవలె వినబడుచున్నది! అయితే యాకోబు దానిని లెక్కచేయలేదు. ఒక కుమారుని పోగొట్టుకొన్న ముసలివానికి ఇద్దరు మనుమల శవములు ఏమి ఆదరణ? రూబేను తనది కానిదానిని తాకట్టు పెట్టెను. యూదా అట్లు చేయలేదు. తానే పూటగా ఉందుననియు, తన చేతినే ఆ చిన్నవానిని గూర్చి విచారింపవలెననియు, తోడుకొని రానియెడల ఆ నింద యెన్నటెన్నటికి తనమీదనే ఉండవలెననియు చెప్పెను (43:9). అతడు తన వస్తువులలో దేనినీ ఇవ్వలేదు. తననే ఇచ్చెను.

బాప్తిస్మపు దినమున వచ్చు వెండి గజ్జెలు, ఉంగరము, పట్టుగౌను, ఇవన్నియు సంతోషకరములే. ప్రేమతో తెచ్చినవానిని చిన్నచూపు చూడనక్కరలేదు. గాని రూబేను లెక్క అక్కడ ఆరంభమగును. ఏటేట క్రిస్మసుకు బట్టలు పంపి, జ్ఞానపుత్రుడు ఏ తరగతిలో ఉన్నాడో, ప్రార్థింప నేర్చుకొనెనో లేదో ఎరుగని జ్ఞానతండ్రి వేరొకదానిని తాకట్టు పెట్టి తనను తాను విడిపించుకొనిన వాడే. 1526లో లూథరు తన బాప్తిస్మపు క్రమమును సవరించి ప్రకటించినప్పుడు, చపలచిత్తులను సాక్షులుగా నిలువబెట్టవద్దనియు, ఆ సమయమున ప్రార్థించువారు కావలెననియు ముందుమాటలో గట్టిగా చెప్పవలసివచ్చెను. ఈ జాడ్యము క్రొత్తది కాదు.

యూదా యోగ్యుడై ఉండినందున పూటపడెనా? యోసేపును ఇష్మాయేలీయులకు అమ్ముదమని సలహా చెప్పినవాడు అతడే (37:26–27). ఒక తమ్ముని వెలకు అమ్మిన నోరే ఇప్పుడు మరియొక తమ్ముని కొరకు మాట ఇచ్చుచున్నది. అందుచేత తన పాత జీవితమును తలంచుకొని, జ్ఞానతల్లిగా నిలువ నేనెంతటిదాననని వెనుకతీయు విశ్వాసి యూదాను చూడవలెను. వెనుకకు తీయని గర్విష్ఠుడును యూదాను చూడవలెను.

పూట యొక్క విలువ కనానులో తెలియలేదు. ఐగుప్తులో తెలిసెను. వెండి గిన్నె బెన్యామీను గోనెలో దొరకెను. అన్నదమ్ములు బట్టలు చింపుకొని పట్టణమునకు తిరిగి వచ్చిరి. అప్పుడు ఆ దేశాధిపతి వారికి ఒక దారి తెరచెను: గిన్నె ఎవని యొద్ద దొరకెనో వాడు మాత్రమే దాసుడగును, మిగిలినవారు సమాధానముగా తండ్రి యొద్దకు వెళ్లవచ్చును (44:17). ఇది అధికారపూర్వకమైన సెలవు. వెళ్లిపోయినను అడుగువాడు లేడు. నేరము తమది కాదు, ఆజ్ఞ తమది కాదు, ధాన్యమైతే గాడిదలమీద సిద్ధముగా ఉన్నది. తరువాతి వచనములోనే యూదా అతని దగ్గరకు వచ్చెనని వ్రాయబడియున్నది. వెళ్లిపోవ సెలవు దొరకిన గడియలో దగ్గరకు వచ్చినవాడే పూటకాపు.

రైల్వే బ్రదుకులో ఈ సెలవు కాగితమునకు బదిలీ ఉత్తరువని పేరు. జ్ఞానతండ్రిగా నిలిచినవానికి రాయగఢ్‌కో నాగపూరుకో బదిలీ అగును. సామాను వ్యాగనులో ఎక్కించి, కాలనీవారియొద్ద సెలవు తీసికొని, రైలెక్కును. ఏ అధికారియు అతని జ్ఞానపుత్రుని గూర్చి అడుగడు. క్వార్టరు తాళము అప్పగించినట్లు ఆ బాధ్యతను గూడ అప్పగించి పోయితిననిపించును. అయితే బాప్తిస్మమునాడు పలికిన మాటలో ఏ డివిజను పేరును లేదు. పూర్వము ఉత్తరము వ్రాయుటకు సోమరితనము అడ్డు వచ్చెడిది. నేడు జేబులో ఫోను ఉండగా ఆ సాకును పోయినది. బాప్తిస్మపు తేదీని బైబిలు మొదటి పుటలో వ్రాసికొని, ఏటేట ఆ దినమున బిడ్డతో నాలుగు మాటలాడుట ఎంత పని? అంతకంటె కష్టమైనది ప్రతిదినము పేరు పెట్టి ప్రార్థించుట. దానికి టికెట్టు అక్కరలేదు గనుకనే అది మొదట మానబడును.

దీనికంటె కఠినమైన గడియ ఒకటి ఉన్నది. లైనుమీద పనిచేయు తండ్రి డ్యూటీలో మరణించెననుకొనుడి. మొదటి వారము ఇల్లు నిండ జనము. పిమ్మట కాగితములు, కారుణ్య నియామకమునకు దరఖాస్తు, పింఛను, గడువు తీరగానే ఖాళీ చేయవలసిన క్వార్టరు. విధవరాలు ఆఫీసు వరండాలో బల్లమీద కూర్చుండును. పదకొండేండ్ల బిడ్డ బడి మానుటకు ఆలోచించును. అందరును సానుభూతి చెప్పి సమాధానముగా తమ తమ ఇండ్లకు వెళ్లవచ్చును. అట్లు వెళ్లుట నేరమేమియు కాదు. గాని వారిలో ఒకడు పదకొండేండ్ల క్రిందట ఆ బిడ్డ ప్రక్కన నిలిచెను. అతడు దగ్గరకు రావలెను. డబ్బు లేకపోవచ్చును. ఆ తల్లి వెంట ఆఫీసుకు పోయి, ఫారము నింపి, బిడ్డను ఫీజు గడువులోగా బడికి తీసికొనిపోవ కాళ్లున్నవి గదా. ఆదివారమున ఆ బిడ్డను తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనుటకు చోటున్నది గదా.

ఆది సంఘము సాక్షిని ఏల అడిగెనో ఇక్కడ తెలియును. 4వ శతాబ్దపు చివర యెరూషలేమును దర్శించిన ఎగెరియ అను యాత్రికురాలు తాను చూచినదానిని వ్రాసియుంచెను. బాప్తిస్మము కోరువానిని గూర్చి బిషపు అతని పొరుగువారిని విచారించును. ఇతడు మంచి నడవడి గలవాడా? తలిదండ్రులను గౌరవించునా? త్రాగుబోతా? అయితే పరదేశిగా వచ్చినవాడు తన్ను ఎరిగిన సాక్షులను చూపలేనియెడల అతడు బాప్తిస్మమునకు చేరుట అంత సులభము కాదని ఆమె చెప్పుచున్నది. పరవూరివాని మొదటి లేమి ఇదియే: అతనిని ఎరిగినవాడు లేకపోవుట. బిలాస్‌పూర్‌వంటి పట్టణమందు జ్ఞానతల్లి యొక్క మొదటి పని బిడ్డను ఎరుగుట. వీడు దేనికి భయపడునో, ఏ అబద్ధమును తరచు చెప్పునో, ఎవరితో తిరుగుచున్నాడో తెలిసినవారు తల్లిదండ్రులు గాక మరియొకరు ఆ ఊరిలో ఉండవలెను. ఎరుగని బిడ్డ కొరకు సాక్ష్యమిచ్చుట అబద్ధ సాక్ష్యమునకు ఎంతో దూరము కాదు.

5వ శతాబ్దపు ఆరంభమున అగస్టీను ఒక లేఖలో, తలిదండ్రులే గాక ఇతరులును శిశువులను బాప్తిస్మమునకు తెచ్చుచుండిరని చెప్పుచు, వీధిలో పారవేయబడిన పసికందులను బిడ్డలులేని కన్యకలు ఎత్తుకొని తెచ్చుటను గూడ పేర్కొనుచున్నాడు. ఆ స్త్రీలకు పలుకుబడి లేదు. సిఫారసు లేదు. వారి చేతులలో బిడ్డ ఉండెను.

ఆంగ్ల సంఘపు 1662 నాటి ప్రార్థన గ్రంథము సాక్షులకు ఒప్పగించు పనులు కొద్దివే. ఆ బిడ్డకు విశ్వాస ప్రమాణమును, ప్రభువు నేర్పిన ప్రార్థనను, పది ఆజ్ఞలను అతనికి తెలిసిన భాషలో నేర్పింపవలెను. ప్రసంగములు వినుటకు పురికొల్పవలెను. తగిన కాలమున కన్ఫర్మేషనుకు తోడుకొని రావలెను. తెలిసిన భాషలో అను ఆ మాటయొద్ద రైల్వే ఊళ్లలోని తెలుగువారు నిలిచి ఆలోచింపవలసియున్నది. పిల్లవానికి తెలుగు మాటలాడ వచ్చును, చదువ రాదు. దేవనాగరి అక్షరములు చదువును. తెలుగులో ప్రార్థింపనివాడు పూర్వికుల విశ్వాసమును విడిచినాడని కొందరు పెద్దలు గద్దింతురు. ఇది న్యాయము కాదు. పెంతెకొస్తు దినమున ప్రతివాడును తన తన భాషలో దేవుని గొప్పకార్యములను వినెను గదా. బిడ్డకు అర్థమగునది హిందీయైన హిందీలోనే ఆజ్ఞలు నేర్పవలెను. ఐనను అవ్వ పలుకు ప్రార్థన అతనికి పరాయి శబ్దము కాకుండ, తెలుగు అక్షరములను సాయంకాలములయందు పలకమీద దిద్దించు జ్ఞానతల్లి దొరకినయెడల అది ఎంత కృప! సమాజము చేయవలసిన గొప్ప కార్యమని సభలు పెట్టి తీర్మానించుటకంటె ఒక పలక, ఒక బలపము మేలు.

ఆ ఫిట్టరు ఇంటిలో మరియొక చిక్కు ఉన్నది. ఇల్లాలి తల్లి బొబ్బిలినుండి కబురు పంపినది: “పసిబిడ్డకు బాప్తిస్మమేమి? ప్రతిష్ఠ చేయించి ఊరకుండుడి.” బిలాస్‌పూర్‌లో ఈ మాట వింతగా వినబడదు. 1885నుండి అక్కడ పనిచేసిన డిసైపుల్స్ మిషనువారు విశ్వసించినవారికే బాప్తిస్మమిచ్చెడివారు. 1970 నవంబరు 29న నాగపూరులో ఉత్తర ఇండియా సంఘము ఏర్పడినప్పుడు శిశు బాప్తిస్మము, విశ్వాసుల బాప్తిస్మము అను రెండు ఆచారములును ఒకే సంఘములో అంగీకరింపబడెను. ఆ వివాదమును తీర్చుట ఇచ్చటి పని కాదు. గాని పూటకాపు రెండు పక్షములవారికిని కావలెను. నీళ్లు ముందైనను వెనుకైనను, ఆ నడుమ పదునైదేండ్లు బిడ్డతో నడచువారెవరు? 1876–78 నాటి కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ, అన్నము కొరకు ఎవరును సంఘములో చేరకుండునట్లు, బకింగ్‌హాము కాలువ పని జరుగు కాలమున బాప్తిస్మములను ఆపివేసెను. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పల్లె పల్లెను ఎరిగిన బోధకుల సాక్ష్యము లేనిదే అంతమందిని ఒక దొర ఎట్లు ఎరుగగలడు? యెరూషలేములో శిష్యులు సౌలునకు భయపడినప్పుడు బర్నబా అతని చేయి పట్టుకొని తీసికొనిపోయెను (అపొ. 9:27). సౌలు అప్పటికి బాప్తిస్మము పొందినవాడే. అయినను పూటపడువాడు కావలసివచ్చెను.

ఇంత చెప్పిన తరువాత ఒక భయము మిగులును. అది నిజమైన భయము. సుమారు 200వ సంవత్సరమున కార్తేజులో తెర్తుల్లియను ఈ భయము చేతనే శిశు బాప్తిస్మమును ఆలస్యము చేయుట మేలనెను. సాక్షులు చనిపోయి మాట నిలుపలేకపోవచ్చును, లేదా బిడ్డ చెడ్డవాడై వారిని మోసపుచ్చవచ్చును, వారిని ఏల అపాయమున పడవేయవలెనని అతని వాదము. లేఖనములో దానికి సాక్ష్యము లేకపోలేదు. అతల్యా రాజకుమారులను చంపించినప్పుడు యెహోషెబ పసివాడగు యోవాషును దాచెను. ఆమె భర్తయగు యాజకుడైన యెహోయాదా అతనిని పెంచి సింహాసనమెక్కించెను. ఇంతకు మించిన జ్ఞాన తలిదండ్రులు ఏ బిడ్డకు దొరకుదురు? యెహోయాదా బ్రదికినన్నాళ్లు యోవాషు యథార్థముగా నడచెను. అతడు చనిపోగానే అధిపతుల మాట విని విగ్రహములవైపు తిరిగెను. తన్ను కాచినవాని కుమారుడగు జెకర్యానే మందిరపు ఆవరణములో రాళ్లతో చంపించెను (2 దినవృ. 24). యెహోయాదా ఓడిపోయెనా? అతడు తన పూటను చెల్లించెను. రాజు యెహోయాదా విశ్వాసమును ఆనుకొని నిలిచెను గాని, యెహోయాదా దేవుని ఆనుకొనలేదు. బిడ్డ పెరుగుకొలది జ్ఞానతండ్రి తన భుజమును కొంచెము కొంచెముగా వెనుకకు తీయవలెను. బదులుగా నమ్ముట ఎవరికిని సాధ్యము కాదు.

హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో ఒకచోట (7:22) యేసునకు పూటకాపు అను బిరుదు కలదు. యూదా వంశములో పుట్టిన ఆయన, వెళ్లిపోవ సెలవున్న గెత్సేమనేలో వెళ్లిపోలేదు. మనుష్యులు పడు పూటలన్నియు, తప్పిపోయినవియు చాలకపోయినవియు, ఆయన పూట క్రింద ఉన్నవి. గనుకనే చనిపోవువారు, మరచువారు, బదిలీ అగువారు, ఇట్టివారిని సంఘము బిడ్డ ప్రక్కన నిలువబెట్ట ధైర్యము చేయుచున్నది. తెర్తుల్లియను లెక్కలో ఈ పద్దు కనబడదు.

ఆ శనివారము సాయంకాలము ఫిట్టరు సూపర్‌వైజరుగారి బంగళాకు పోలేదు. భార్యతోకూడ ఎదురు వరుస క్వార్టరు తలుపు తట్టెను. అక్కడ కుమారునియొద్ద ఒక విధవరాలు ఉన్నది. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి విశ్రమించినది. బిడ్డకు జ్వరము వచ్చిన రెండు రాత్రులు తడిగుడ్డ పట్టుకొని కూర్చున్నది ఆమెయే.

వచ్చిన పని విని ఆమె తత్తరపడెను. “నాకు చదువు రాదమ్మా. పెద్దవారిని చూచుకోండి.”

“చదువు మేము చెప్పించుకొందుము పిన్నీ” అని ఇల్లాలు అనెను. “మాకు బదిలీ అయినను నీవు వానిని విడువవద్దు.”

ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత చేతులు కొంగుకు తుడుచుకొని బిడ్డను ఎత్తుకొనెను.

“పాస్టరుగారు రేపు ఏ పేరు పెట్టుదురు?” అని అడిగెను. “ఇప్పుడే చెప్పమ్మా. ఈ రాత్రి ప్రార్థనలో వాని పేరు కావలెను గదా.”